గోల్ఫ్ కోర్సు రూపకల్పన విషయంలో ప్రొఫెషనల్ ఆటగాళ్ల మాటకు ఎంత విలువ ఇవ్వాలి?

మీ క్లబ్‌లో కొన్ని హోల్స్‌ను (తొలి షాట్ కొట్టే చోటు నుంచి రంధ్రం దాకా ఉండే భాగాలను) మార్చబోతున్నారనీ, టూర్‌లో, అంటే ప్రొఫెషనల్ పోటీల్లో, ఆడుతున్న ఒక ప్రొఫెషనల్ చెప్పినట్టు చేస్తే చాలని కొందరు సభ్యులు అంటున్నారనీ రాశారు. ఆయన మాటకు ఎంత విలువ ఇవ్వాలన్నది మీ ప్రశ్న. నేను ఆరేళ్లపాటు ఒక క్లబ్ కోర్సు కమిటీలో పనిచేశాను. ఆ కాలంలో ఇద్దరు ప్రొఫెషనల్స్ సలహా తీసుకున్నాం. మొదటిసారి నష్టపోయాం, రెండోసారి బాగుపడ్డాం. ఆయన మాట తప్పక వినండి. అయితే ఏ కోర్సు గురించైనా ప్రొఫెషనల్ చెప్పేది ముందుగా తన ఆటను బట్టి చెప్పేదేనన్న ఎరుకతో వినండి.

మొదట వచ్చిన ఆటగాడు అప్పటికి మంచి ఊపులో ఉన్నారు. నోటుపుస్తకం పట్టుకుని ఆయన వెంట పద్దెనిమిది హోల్సూ నడిచాను. మా ఏడో హోల్ 385 గజాల పార్ 4, అంటే నాలుగు స్ట్రోకుల్లో (దెబ్బల్లో) ముగించాల్సినది. ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కోసిన దారి) వెడల్పు దాదాపు 45 గజాలు. డ్రైవ్‌కు, అంటే దూరంగా కొట్టే తొలి షాట్‌కు, ఇక్కడ పరీక్షే లేదని ఆయన అన్నారు. ఆయన సూచన మేరకు ఫెయిర్‌వేను 27 గజాలకు కుదించి, టీ (తొలి షాట్ కొట్టే చోటు) నుంచి 270 గజాల దూరంలో రెండువైపులా బంకర్లు (ఇసుక గుంటలు) తవ్వించాం. మా సభ్యుల్లో ఎక్కువమంది డ్రైవ్ 200 గజాలు దాటదు. కాబట్టి ఆ బంకర్లు వారికి అందనంత దూరంలో ఉండిపోయాయి. వారికి మిగిలిందల్లా ఇరుకు ఫెయిర్‌వే, చీలమండ దాటిన గడ్డిలో బంతి కోసం వెతుకులాట. ఏడో టీ దగ్గర రెండు మూడు జట్లు నిలబడి ఎదురుచూడటం రోజువారీ వ్యవహారమైంది. దూరం కొట్టగల కుర్రాళ్లు మాత్రం బంతిని బంకర్ల మీదుగా దాటించి, రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కనుండే పొడవాటి గడ్డిలో) పడినా, తక్కువ దూరానికి వాడే వెడ్జ్ కర్రతోనే గ్రీన్ (రంధ్రం ఉండే నున్నటి గడ్డి) మీదికి చేర్చేవారు. ఎవరిని నిలువరించాలనుకున్నామో వారిని వదిలేసి, తక్కిన అందరినీ ఇబ్బంది పెట్టాం. మూడేళ్ల తర్వాత ఆ గడ్డిని మళ్లీ ఫెయిర్‌వే ఎత్తుకు కోయించి, ఒక బంకర్‌ను పూడ్పించాం.

2020 యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ చూసినప్పుడు నాకు ఆ ఏడో హోలే గుర్తొచ్చింది. వింగ్డ్ ఫుట్ కోర్సులో ఫెయిర్‌వేలు ఇరుకు, రఫ్ దట్టం. అయినా బ్రైసన్ డిషాంబో నాలుగు రౌండ్లలో 56 ఫెయిర్‌వేలకు గాను 23 మాత్రమే అందుకుని, పార్ కంటే ఆరు తక్కువ స్కోరుతో గెలిచారు. మొత్తం మీద పార్ కంటే తక్కువ స్కోరు చేసినది ఆయన ఒక్కరే. ఇరుకు చేసినంత మాత్రాన బలవంతుడి ఆటకు అడ్డు పడదని అంతకంటే స్పష్టంగా ఎవరూ చూపలేరు.

ప్రొఫెషనల్‌ను తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయనకు ఒక్కో స్ట్రోకూ జీవనోపాధి. మంచి షాట్‌కు మంచి ఫలితం రావాలనీ, బంతి ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కకు అందాలనీ ఆయన కోరుకోవడం సహజం. పీట్ డై రూపొందించిన టీపీసీ సాగ్రాస్ కోర్సులో 1982లో తొలిసారి ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు గ్రీన్‌ల వాలు మీద ఆటగాళ్లు మండిపడ్డారు. ఐదో నంబరు ఐరన్ (దూరపు షాట్లకు వాడే కర్ర) షాట్‌ను కారు బానెట్ మీద ఆపే నేర్పు తనకు లేదని జాక్ నిక్లాస్ అన్నారు. ఆ ఫిర్యాదు న్యాయమైనదే, తర్వాత గ్రీన్‌ల వాలు తగ్గించారు కూడా. కానీ నీటి మధ్య ఉన్న పదిహేడో గ్రీన్‌ను ఎవరూ తీసేయలేదు. ఆ కోర్సు పేరు చెప్పగానే ఇవాళ అందరికీ గుర్తొచ్చేది అదే.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. ఆటగాళ్లు కోర్సు మీద చేసే ఫిర్యాదుల్లో చాలా భాగం రూపకల్పన గురించి కాదు, ఆ వారం నేల ఉన్న తీరు గురించి. 2015లో ఛేంబర్స్ బే కోర్సులో జరిగిన యూఎస్ ఓపెన్‌లో, పట్ చేస్తుంటే (గ్రీన్ మీద బంతిని రంధ్రం వైపు దొర్లిస్తుంటే) బ్రకోలీ మీద చేస్తున్నట్టుందని హెన్రిక్ స్టెన్సన్ అన్నారు. అది రెండు రకాల గడ్డి కలిసిపోయి ఎగుడుదిగుడైన గ్రీన్‌ల సమస్య. అదే పోటీలో, రెండో రౌండ్‌కు పార్ 4గా మార్చిన పద్దెనిమిదో హోల్‌లో డబుల్ బోగీ (పార్ కంటే రెండు స్ట్రోకులు ఎక్కువ) చేసిన జోర్డన్ స్పీత్ దాన్ని తీవ్రంగా తప్పుపట్టారు. చివరి రోజు అదే హోల్‌ను పార్ 5గా ఆడించినప్పుడు అక్కడ బర్డీ (పార్ కంటే ఒక స్ట్రోక్ తక్కువ) చేసి, ఒక్క స్ట్రోక్ తేడాతో ట్రోఫీ అందుకున్నారు. అందుకే మీ ప్రొఫెషనల్ ఏదైనా బాగాలేదన్నప్పుడు, అది గడ్డి గురించా, నేల మలిచిన తీరు గురించా అని తప్పక అడగండి. మొదటిది కోత యంత్రంతో, నీటి సరఫరాతో సరిచేయగలిగినది. రెండోదానికి భారీ యంత్రాలు దించాలి.

మొదటి చూపులో చెప్పిన అభిప్రాయాన్ని తొందరపడి అమలు చేయకండి. 1946లో శామ్ స్నీడ్ రైలు కిటికీలోంచి స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సును చూసి, వాడకం లేక వదిలేసిన కోర్సేమో అనుకున్నారు. ఆ వారమే అక్కడ ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్) గెలిచారు. 1921లో ఆ కోర్సు మీదే మూడో రౌండ్‌లో, పదకొండో హోల్ దగ్గర విసిగిపోయి ఆట వదిలేసిన బాబీ జోన్స్, 1927లో అక్కడే ఓపెన్ గెలిచి, ఆ కోర్సును జీవితాంతం ప్రేమించారు. విశాలమైన ఆ ఫెయిర్‌వేలలో బంతి ఏ వైపు పడితే రంధ్రాన్ని చూపే జెండా వైపు దారి తెరుచుకుంటుందో పదేపదే ఆడితేనే తెలుస్తుంది.

అందువల్లనే రూపకల్పనను ఏళ్ల తరబడి అభ్యసించిన ప్రొఫెషనల్స్ మాటకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. రెండుసార్లు మాస్టర్స్ టోర్నమెంట్ గెలిచిన బెన్ క్రెన్‌షా, కోర్సుల రూపకర్త బిల్ కూర్‌తో కలిసి 2011 నాటికి పైన్‌హర్స్ట్ నంబర్ 2 కోర్సును పునరుద్ధరించినప్పుడు రఫ్‌ను తొలగించి, ఫెయిర్‌వేలను వెడల్పు చేసి, అంచుల వెంట ఇసుకనూ సహజంగా పెరిగే గడ్డి దుబ్బులనూ తిరిగి తెచ్చారు. 2014లో పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్‌లు రెండూ వరుస వారాల్లో ఆ ఒక్క కోర్సు మీదే జరిగాయి.

మా దగ్గరికి రెండోసారి వచ్చినవారు టూర్ నుంచి విరమించుకున్న పెద్దాయన. ఆయన ఏడో హోల్‌ను టీ దగ్గర మొదలుపెట్టలేదు. నేరుగా గ్రీన్ వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి టీ వైపు చాలాసేపు చూశారు. మహిళలు రెండో షాట్ ఎక్కడి నుంచి కొడతారని అడిగారు. మొదటి ఆటగాడు ఆ ప్రశ్న వేయలేదు, మాకూ తట్టలేదు. తర్వాత వంగి, బంతిని చేత్తో కుడి అంచు నుంచి మెల్లగా దొర్లించారు. అది జెండా దాకా పోకుండా మలుపు తిరిగి ఆయన బూటు దగ్గరికి వచ్చి ఆగింది. ఎడమ అంచు నుంచి దొర్లిస్తే తిన్నగా రంధ్రం పక్కకు చేరింది. "మీ పరీక్ష ఇక్కడే ఉంది, మీరు దాన్ని అక్కడ వెతుకుతున్నారు" అంటూ ఫెయిర్‌వే కేసి చూపించారు. ఎడమవైపు మిగిలిన ఒక్క బంకర్‌ను 190 గజాల దగ్గరికి జరిపి, దాని కుడిపక్కన ఫెయిర్‌వేను పూర్తి వెడల్పుతో ఉంచాం. ఇప్పుడు బంకర్‌కు దగ్గరగా కొట్టే ధైర్యం చేసినవారికి గ్రీన్ తెరుచుకుంటుంది. కుడివైపు కొట్టినవారు బంతి పోగొట్టుకోరు గానీ, వారికి రెండో షాట్ కష్టమవుతుంది. మీ ప్రొఫెషనల్‌ను కూడా వీలైతే గ్రీన్ వెనక నుంచి మొదలుపెట్టి, టీ వైపు నడిచి రమ్మనండి.