మొదటి రోజే ఓటు ఇవ్వకు

చిరంజీవి మేనల్లుడికి,

నువ్వు పంపిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. మీ నలుగురూ కలిసి కడుతున్న ఆ వర్చువల్ ఊరు, అందులోని ప్లాట్లు, అంగళ్లు, వాటిని కొనడానికి డిజిటల్ నాణేల్లాంటి మీ టోకెన్లు, అన్నీ చూసి ముచ్చటేసింది. ప్రోగ్రామింగ్ గురించి నేను మాట్లాడను. కానీ పన్నెండో పేజీలో ‘టోకెన్ కొన్న క్షణం నుంచే ఓటు హక్కు, ఎన్ని టోకెన్లుంటే అన్ని ఓట్లు’ అని రాసుకున్నారు. నేను అక్కడే ఆగిపోయాను. ముప్పై ఒక్క ఏళ్లు సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసినవాడిని. అలాంటి వాక్యం ఏం చేయగలదో కళ్లారా చూశాను. అందుకే ఫోనులో చెప్పకుండా ఉత్తరం రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరి సంఘానికి ఆడిట్‌కు వెళ్లాను. సభ్యత్వ రిజిస్టర్ తిరగేస్తుంటే ఒకచోట చేతిరాత మారింది. నూట పన్నెండు కొత్త పేర్లు, ఒకే తేదీ, ఒకే సిరా. వాటాధనం రసీదుల నంబర్లు ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఒక్కటీ తప్పలేదు. సరిగ్గా వారం తర్వాత పాలకవర్గం ఎన్నిక జరిగింది. ఆ పేర్లలో ఒకామె ఇల్లు ఆఫీసు వెనకే. వెళ్లి అడిగాను. "నేను పైసా కట్టలేదయ్యా. రేషన్ కార్డు ఇమ్మంటే ఇచ్చాను, వేలిముద్ర వేయమంటే వేశాను" అంది. గెలిచిన పాలకవర్గం మొదటి సమావేశంలోనే ఒక రైసు మిల్లుకు పెద్ద అప్పు మంజూరు చేసింది. తీర్మానాల పుస్తకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కోరం ఉంది, సంతకాలున్నాయి. ఆ అప్పు మాత్రం తిరిగి రాలేదు. ఆ ఏడాది విత్తనాలకు, ఎరువులకు సంఘంలో డబ్బు లేక రైతులు వడ్డీ వ్యాపారుల గడప తొక్కారు.

2022 ఏప్రిల్ 17న బీన్‌స్టాక్ అనే క్రిప్టో (డిజిటల్ డబ్బు) వేదికలో జరిగింది ఇదే. ఒకడు ముందు రోజు ప్రతిపాదనలు పెట్టాడు. వాటిలో ఒకటి ఉక్రెయిన్‌కు విరాళం పేరుతో ఉంది. మర్నాడు ఫ్లాష్ లోన్ తీసుకున్నాడు. అంటే తాకట్టు లేకుండా తీసుకుని, అదే లావాదేవీలో తిరిగి కట్టేసే అప్పు. దాదాపు 100 కోట్ల డాలర్లు అలా తెచ్చి, మూడింట రెండు వంతులకు మించి ఓట్లు సంపాదించి, వేదిక సొమ్మును తనకే మళ్లించే ప్రతిపాదనను తానే నెగ్గించుకుని, అప్పు తీర్చేసి వెళ్లిపోయాడు. ఆ వేదికకు 18 కోట్ల డాలర్లకు పైగా నష్టం. తాళం పగలగొట్టింది ఎవరూ లేరు. రాసుకున్న నియమమే తలుపు తీసింది.

కాబట్టి అల్లుడూ, ఓటు హక్కుకు గడువు పెట్టండి. ప్రతిపాదన వచ్చే నాటికే కనీసం కొన్ని నెలలుగా చేతిలో ఉన్న టోకెన్లనే లెక్కించండి. నెగ్గిన తీర్మానం అమలు కావడానికి మధ్య ఒక వారమైనా విరామం ఉండాలి. నిద్రపోతున్నవాడు లేచి చూసుకోవడానికి, నచ్చనివాడు తన సొమ్ము తీసుకుని వెళ్లడానికి ఆ వారం కావాలి.

1956లో మొదలైన మన ముల్కనూరు సహకార సంఘంలోలాగా, వాటా ఎంతైనా మనిషికి ఒక్కటే ఓటు పెడితే సరిపోదా అని నువ్వు అడుగుతావు. నాకూ అదే ఇష్టం. కానీ ముల్కనూరులో సభ్యుడి ఇల్లు, పొలం, తండ్రి పేరు అందరికీ తెలుసు. మీ ఊళ్లో ఒక్కడే వంద వాలెట్లు, అంటే టోకెన్లు దాచుకునే ఖాతాలు, తెరిచి వంద మంది కాగలడు. 2020 సెప్టెంబరులో యూనిస్వాప్ అనే టోకెన్ల మార్పిడి సంస్థ అంతకుముందు తమ వేదికను వాడిన ప్రతి వాలెట్‌కూ 400 టోకెన్లు ఉచితంగా ఇచ్చింది. ఆ తర్వాత ఇలాంటి పంపకాల కోసం పదుల కొద్దీ వాలెట్లు పెంచుకోవడం కొందరికి వృత్తే అయింది. అందుకే వాలెట్ల సంఖ్యనూ నమ్మకు, టోకెన్ల సంఖ్యనూ నమ్మకు. మనిషి ఎన్నాళ్లుగా ఉన్నాడు, ఏం పని చేశాడు అన్నవి చూడు. దొంగకు డబ్బు అప్పు దొరుకుతుంది కానీ గడిచిన ఏడాది అప్పు దొరకదు.

ఇక బహుమతుల సంగతి. నా చిన్నతనంలో మా చెరువు కింద ఒక నీరటి ఉండేవాడు. భుజాన పార, చేతిలో లాంతరు. అర్ధరాత్రి కాలువలో దిగి, పాదంతో బురద తడిమి, ఎక్కడ గండి పడిందో చెప్పేవాడు. అతడికి నెల జీతం లేదు. కోతలయ్యాక కల్లాల దగ్గరికి వెళ్లి, ఎకరానికి ఇంత అని ఒక్కో రైతు దగ్గర వడ్లు మేరగా తీసుకునేవాడు. చివరి మడి ఎండితే ఆ రైతు కల్లంలో అతడికి గింజ ఉండదు. అందుకే అతడి కన్ను ఎప్పుడూ తూము పక్క పొలం మీద కాకుండా ఆయకట్టు చివరి మడి మీద ఉండేది. ఆ ఏర్పాటు చేసినవాళ్లు ఎవరో కానీ, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

మీ కాగితంలో రోజూ లాగిన్ అయితే ఐదు టోకెన్లు, స్నేహితుణ్ణి తెస్తే యాభై. తగాదా తీర్చేవాడికి, కొత్తవాడికి దారి చూపేవాడికి, మోసం పట్టుకునేవాడికి ఏమీ లేదు. యాక్సీ ఇన్ఫినిటీ ఆట ఎలా కుప్పకూలిందో చూడు. ఫిలిప్పీన్స్‌లో ఎందరో పేదలు ఆ ఆటే బతుకుతెరువుగా చేసుకున్నారు. ఆడాలంటే ముందు ఆటలోని జంతువుల బొమ్మలు కొనాలి. ఆ పెట్టుబడి పెట్టలేనివాళ్లు ఇతరుల బొమ్మలు తీసుకుని ఆడి, సంపాదనలో వాటా ఇచ్చేవారు. ఆడితే ఎస్‌ఎల్‌పీ అనే ఆ ఆట టోకెన్లు పుట్టేవి, కొత్తవాళ్లు వచ్చి కొత్త బొమ్మలు కావాలన్నప్పుడే అవి ఖర్చయ్యేవి. 2021 జులైలో 30 సెంట్లు దాటిన ఎస్‌ఎల్‌పీ, ఏడాది తిరిగేసరికి ఒక సెంటు కంటే దిగువకు పడిపోయింది. చెరువులోకి వాగు పారడం ఆగినా తూము తెరిచే ఉంచారు. నీ టోకెన్ ఎక్కడ పుడుతుందో రాశావు, ఎక్కడ ఖర్చవుతుందో రెండే వాక్యాల్లో తేల్చేశావు. ఆ రెండు వాక్యాలు రెండు పేజీలు కావాలి.

ఆ ఆటకే మరో దెబ్బ 2022 మార్చిలో తగిలింది. ఆటగాళ్ల సొమ్ము కదలాలంటే తొమ్మిది డిజిటల్ తాళపు చెవుల్లో ఐదు కావాలి. నాలుగు ఆ ఆటను నడిపే కంపెనీవే. ఐదోది ఆటగాళ్ల సంఘానిది. పని ఒత్తిడి ఉందని 2021 నవంబరులో ఆ సంఘం తన తరఫున సంతకం చేసే అనుమతి కంపెనీకి ఇచ్చింది. అవసరం తీరాక ఆ అనుమతిని ఎవరూ రద్దు చేయలేదు. దొంగలు కంపెనీలోకి చొరబడితే ఐదూ ఒకేచోట దొరికాయి. 60 కోట్ల డాలర్లకు పైగా పోయింది, పోయిన సంగతి ఆరు రోజులకు కానీ తెలియలేదు. మీ నలుగురూ ఒకే గదిలో ఉంటారు, మీ ఖజానా నాలుగు తాళపు చెవులూ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉన్నాయని మీ అమ్మ చెప్పింది. ఈ వారమే వాటిని విడదీయండి. ఇచ్చిన ప్రతి అనుమతికీ ముగింపు తేదీ రాయండి.

ప్రజల మాట వినడమంటే అన్నిటికీ ఓటింగ్ పెట్టడం కాదు. ఈవ్ ఆన్‌లైన్ అనే ఆటను నడిపే ఐస్‌లాండ్ కంపెనీ 2008 నుంచి ఆటగాళ్లు ఎన్నుకున్న మండలితో సంప్రదింపులు జరుపుతోంది. ఆ మండలికి ఆదేశించే అధికారం లేదు, నిలదీసే అధికారం ఉంది. 2011లో అలంకార వస్తువుల ధరల మీద ఆటగాళ్లు తిరగబడి, ఆటలోని ఒక విగ్రహం చుట్టూ చేరి కాల్పులు జరిపారు. కంపెనీ ఆ మండలిని హుటాహుటిన రేక్యవిక్‌కు పిలిపించి కూర్చోబెట్టింది. మీరూ మొదటి ఏడాది అలాంటి మండలి పెట్టండి. ఖజానా మీద ఓటు తర్వాత.

పన్ను సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2022 ఏప్రిల్ నుంచి టోకెన్లలాంటి డిజిటల్ ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఒకదానిలో నష్టాన్ని మరొకదాని లాభంలో తీసివేయనివ్వరు. అదే ఏడాది జులై నుంచి అమ్మకం మీద 1 శాతం ముందుగానే కోస్తున్నారు. పనిచేసిన పిల్లలకు జీతం బదులు టోకెన్లు ఇస్తున్నారట. ఆ రోజు ధర ఎంతో రాసిపెట్టకపోతే రేపు ఇబ్బందిపడేది వాళ్లే.

వచ్చే ఆదివారం హనుమకొండ వచ్చేయి, అత్తయ్య సర్వపిండి చేస్తానంటోంది. మీ ముగ్గురు మిత్రులనూ తీసుకురా. పన్నెండో పేజీని కొట్టివేసి, కొత్త సభ్యుడికి ఓటు ఎన్నాళ్లకు వస్తుందో, ఎందుకు అన్నాళ్లకో నలుగురూ కూర్చుని రాసి తీసుకురండి. దాన్నుంచే మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
నీ మేనమామ