టెక్ సందేహాలు: పైథాన్ మార్చాను, టెర్మినల్ పోయింది

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. కాలేజీ ప్రాజెక్టుకు పైథాన్ ప్రోగ్రామింగ్ భాష 3.12 వెర్షన్ కావాలన్నారు. ఒక వీడియో చూసి దాన్ని ఎక్కించి, ‘పైథాన్3’ అని కొడితే అదే నడిచేలా మార్చాను. అప్పటి నుంచి టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరుచుకోవడం లేదు. ఉబుంటుతో వచ్చిన పాత 3.10ని తీసేస్తే సరిపోతుందా? (ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: ఆ పని మాత్రం చేయకండమ్మా. చాలా ఏళ్ల క్రితం నేనూ అలాగే ‘పాతదే కదా’ అని పైథాన్‌ను తీసేయబోయాను. దానితోపాటు ఏమేమి పోతాయో తెర మీద పెద్ద జాబితా వచ్చింది. చదవకుండా ‘వై’ కొట్టాను. మర్నాడు డెస్క్‌టాప్ లేదు, నల్లటి తెర మాత్రం మిగిలింది.

మీ సమస్య అసలు కారణం ఇది. ఉబుంటులో టెర్మినల్ బొమ్మ నొక్కితే ముందుగా నడిచేది ఒక చిన్న పైథాన్ స్క్రిప్టు. దానికి కావలసిన లైబ్రరీలను (సిద్ధంగా ఉంచిన సహాయక కోడ్‌ను) 3.10 కోసం కట్టి ఉంచారు. మూడు లీటర్ల కుక్కరు గాస్కెట్ ఐదు లీటర్ల కుక్కరుకు పట్టనట్టే, అవి 3.12కు పట్టవు. మీరు గమనించారో లేదో, సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ కూడా ‘ఏపీటీ_పీకేజీ అనే మాడ్యూల్ లేదు’ అని మొరాయిస్తూ ఉంటుంది. రోగం ఒకటే.

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కండి. బొమ్మలేవీ లేని లాగిన్ తెర వస్తుంది. అక్కడ మీ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ‘సుడో అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --కన్ఫిగ్ పైథాన్3’ ఆదేశం నడిపి, 3.10 పక్కనున్న అంకె ఎంచుకోండి. జాబితాలో 3.10 కనిపించకపోతే, యూఎస్ఆర్ లోపలి బిన్ ఫోల్డరులో ఉన్న పైథాన్3 లింకును ఎల్ఎన్ ఆదేశంతో మళ్లీ పైథాన్3.10 వైపు తిప్పాలి. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కితే మీ డెస్క్‌టాప్‌కు తిరిగి వస్తారు.

ఇక 3.12 సంగతి. మీరు ఎక్కించినది అలాగే ఉండనివ్వండి. ‘పైథాన్3.12’ అని పూర్తి పేరుతో పిలిస్తే అది పలుకుతుంది, పాతదానితో గొడవ పడదు. ప్రాజెక్టు ఫోల్డరులోకి వెళ్లి ‘పైథాన్3.12 -ఎం వెన్వ్’ (venv) అని కొట్టి, పక్కన ఒక ఫోల్డరు పేరు ఇవ్వండి. దీనికి ‘పైథాన్3.12-వెన్వ్’ ప్యాకేజీ కూడా ఉండాలి. అలా ఆ ఫోల్డరులో ఏర్పడే విడి పైథాన్ వాతావరణాన్ని యాక్టివేట్ చేసుకున్నాక ఉత్త ‘పైథాన్’ అన్నా 3.12 వస్తుంది, ఆ టెర్మినల్ కిటికీ వరకే.

వీడియో చూసి డెడ్‌స్నేక్స్ పీపీఏ (బయటివాళ్లు నడిపే ప్యాకేజీల నిల్వ) నుంచి తెచ్చుకుని ఉంటే ఒక మాట: అది ఉబుంటు వాళ్లది కాదు, భద్రతా సవరణలు సకాలంలో వస్తాయన్న హామీ దానికి లేదు. కాలేజీ ప్రాజెక్టుకు ఫరవాలేదు.

ఉబుంటే కొత్తది ఇవ్వవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. 22.04 విడుదలైంది 2022 ఏప్రిల్‌లో, పైథాన్ 3.12 వచ్చింది 2023 అక్టోబరులో. మధ్యలో మారిస్తే అందరి టెర్మినళ్లకూ మీ టెర్మినల్ గతే పడుతుంది.

ప్రశ్న: మా ఆఫీసు సర్వరులో రాకీ లైనక్స్ 8 ఉంది, మా వెబ్‌సైటు కోడ్ పీహెచ్‌పీ భాష 7.2 వెర్షన్‌తో నడుస్తోంది. బయటి రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) లేకుండా 8.2కు మారవచ్చా? (సిస్టమ్ అడ్మిన్, హనుమకొండ)

జవాబు: మారవచ్చు. మీ రాకీ 8 ఉన్న రెడ్‌హ్యాట్ 8 కుటుంబంలో ‘మాడ్యూళ్లు’ (ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షన్లలో నచ్చింది ఎంచుకునే ఏర్పాటు) ఉన్నది ఇందుకే. ‘డీఎన్ఎఫ్ మాడ్యూల్ లిస్ట్ పీహెచ్‌పీ’ అంటే ఏయే వెర్షన్లు ఉన్నాయో కనిపిస్తాయి. ముందు రీసెట్, తర్వాత ‘పీహెచ్‌పీ:8.2’ని ఎనేబుల్, ఆపై డిస్ట్రో-సింక్ (ప్యాకేజీలను ఆ వెర్షన్‌కు మార్చే ఆదేశం). అయితే రెండూ ఒకేసారి ఉండవు. 8.2 వస్తే 7.2 పోతుంది. పైగా మీ పాత కోడ్‌లో సున్నాను ఖాళీ స్ట్రింగుతో రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చిన చోట 7లో ‘నిజం’ వచ్చేది, 8 నుంచి ‘అబద్ధం’ వస్తుంది. ఇలాంటివి ఎర్రర్ ఇవ్వవు, నిశ్శబ్దంగా లెక్కలు తప్పుతాయి. అందుకే వేరే యంత్రంలో నడిపి చూశాకే సర్వరును ముట్టుకోండి.

ఈ మాడ్యూళ్లను నమ్ముకుని పెద్ద ప్రణాళికలు వేయకండి. 2018లో రెడ్‌హ్యాట్‌కు మూలమైన ఫెడోరా లైనక్స్ 28తో వీటిని ఆర్భాటంగా తెచ్చారు. ప్యాకేజీలు తయారుచేసేవాళ్లకు తలనొప్పులు తప్పలేదు, 2023లో ఫెడోరా 39 నాటికి ఎత్తేశారు. నా మటుకు నాకు ఆలోచన మంచిదే అనిపించింది, అమలే బరువైంది. ఇకపై వెర్షన్లు ఎంచుకోవాలంటే కంటైనర్లే (ప్రోగ్రామును దాని సరంజామాతో విడిగా నడిపే పెట్టెలే) సుఖం: 7.2 ఒక దాంట్లో, 8.2 మరో దాంట్లో.

ప్రశ్న: డెబియన్ 12 లైనక్స్‌లో ఫొటోలు దిద్దే గింప్ 3 కావాలి. (ఫొటోగ్రాఫర్, తిరుపతి)

జవాబు: డెబియన్ 12లో ఉన్నది 2.10. ఫ్లాట్‌హబ్ అనే యాప్ నిల్వ నుంచి ఫ్లాట్‌ప్యాక్‌గా (సిస్టమ్ ప్యాకేజీలతో కలవకుండా విడిగా ఉండే రూపంలో) దించుకోండి, రెండూ పక్కపక్కనే ఉంటాయి. మొదటిసారి దానికి కావలసిన రన్‌టైమ్‌తో (ఉమ్మడి లైబ్రరీలతో) కలిపి చాలా డేటా ఖర్చవుతుంది, ఇంటి వైఫై మీద చేసుకోండి.