బెర్లిన్ వస్తున్నారా? ముందు పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించండి

వచ్చే నెలలో ఉద్యోగానికి బెర్లిన్ వస్తున్నానని, మొదటి వారంలో ఏం చూసుకోవాలో చెప్పమని అడిగారు. బియ్యం, పప్పుల గురించి టెన్షన్ పడకండి, ఇక్కడ దొరుకుతాయి. చలికోటు కూడా ఇక్కడికొచ్చాకే కొనుక్కోండి. ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇంకొకటుంది.

ఈ ఊళ్ళో మామూలుగా అడ్రసులో ఫ్లాట్ నంబరు ఉండదు. వీధి పేరు, బిల్డింగ్ నంబరు, అంతే. అందులో ముప్ఫై కాపురాలున్నా పోస్టుమ్యాన్ చూసేది పేరు ఒక్కటే. కింద మెట్ల దగ్గర వరసగా రేకు డబ్బాలుంటాయి. ఒక్కోదాని మీద వేలెడంత చీటీ, దాని మీద ఇంటిపేరు. అక్కడ మీ పేరు లేకపోతే మీ ఉత్తరం వచ్చిన దారినే వెళ్ళిపోతుంది.

నేను వచ్చిన కొత్తలో స్నేహితుడి ఇంట్లో ఒక గదిలో ఉండేవాణ్ణి. డబ్బా మీద అతని పేరే ఉంది. బ్యాంకు కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో పంపారు. రెండూ వెనక్కి పోయాయి. మొదటి జీతం ఖాతాలో పడింది, చేతికి మాత్రం రాదు. మూడు వారాలు చేబదులు మీద గడిపాను. నాన్న ఫోన్ చేసి "డబ్బులకేం ఇబ్బంది లేదు కదరా" అంటే లేదని అబద్ధం చెప్పాను. చివరికి కింది అంతస్తు పెద్దావిడ నన్ను డబ్బాల దగ్గరికి తీసుకెళ్ళి, నా పేరులో ఒక్కో అక్షరం అడిగి, టేపు ముక్క మీద తన పెన్నుతోనే రాసి అంటించింది. ఆ మర్నాటి నుంచే ఉత్తరాలు రావడం మొదలైంది.

అందుకే పెట్టె విప్పకముందే ఈ పని చేయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎలా ఉంటే అదే స్పెల్లింగ్ రాయండి. వేరేవాళ్ళింట్లో ఉంటే అడ్రసులో కేరాఫ్ అని వాళ్ళ పేరు కూడా పెట్టించుకోండి. ఇంట్లో దిగిన 14 రోజుల్లోపు స్థానిక ప్రభుత్వ ఆఫీసైన బ్యూర్గర్‌ఆంట్‌లో అన్మెల్డుంగ్, అంటే అడ్రసు నమోదు, చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. అది ఇవ్వనన్నవాళ్ళ ఇల్లు ఎంత చవకైనా తీసుకోవద్దు. నమోదయ్యాక పన్ను నంబరు వచ్చేదీ ఆ రేకు డబ్బాలోకే.

రైళ్ళ సంగతి. స్టేషన్లో గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు. చూసి చాలామంది మోసపోతారు. మెషిన్‌లో కొన్న కాగితం టికెట్‌ను ప్లాట్‌ఫామ్ మీద ఉన్న చిన్న పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేకపోతే టికెట్ లేనట్టే, జరిమానా 60 యూరోలు. టికెట్ల కోసం ఊరినీ చుట్టుపక్కలనూ ఏ, బీ, సీ అని మూడు జోన్లుగా విడగొట్టారు. విమానాశ్రయం సీ జోన్‌లో ఉంది కాబట్టి అక్కడి నుంచి ఊళ్ళోకి ఏబీసీ టికెట్ తీసుకోండి. ఏబీ టికెట్ చాలదు.

ఇక ఊరు. మొదటిరోజు మిమ్మల్ని తాకేది నిశ్శబ్దం. డిసెంబరులో అయితే నాలుగింటికే చీకటి. ఆ దిగులు కొత్తవాళ్ళందరికీ ఉంటుంది, మీలో ఏదో లోపముందని అనుకోకండి. వెలుతురున్నంతసేపూ బయట నడవండి. ఊరి నడిబొడ్డున నడుస్తుంటే తారు రోడ్డు మధ్యలో రెండు వరసల రాళ్ళు అడ్డంగా పోతుంటాయి. 1961 నుంచి 1989 దాకా ఊరిని తూర్పు, పడమరలుగా విడదీసిన బెర్లిన్ గోడ నిలబడ్డది అక్కడే. నేను ఇప్పటికీ ఆ రాళ్ళు దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగుతాను.

ఆదివారం కొట్లు మూసేస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లో ఉన్నవి తెరిచి ఉంటాయి గానీ, కొత్తలో లగేజీతో అంతదూరం తిరగలేరు. మీ విమానం శనివారం రాత్రి దిగేదైతే నాకు ముందే రాయండి, పాలు, పెరుగు, బ్రెడ్ కొనిపెట్టి ఉంచుతాను.