నినాదాలు కాదు, నాటిక రాయించండి

ప్రశ్న: మా సెంట్రల్ యూనివర్సిటీలో ఏటా విజిలెన్స్ (అవినీతిపై అప్రమత్తత) వారోత్సవాలకు ఉద్యోగులకు నినాదాల పోటీ పెడతారు. అవే మాటలు తిప్పి రాస్తాం. ఈసారి నిర్వహణ నాకు అప్పగించారు. ఏం చేయమంటారు?
– ఒక సీనియర్ అసిస్టెంట్

జవాబు: నినాదాలు వద్దండీ. సర్దార్ పటేల్ జయంతి, అక్టోబరు 31 వచ్చే వారంలోనే కదా జరిపేది, టైముంది. ఒక పేజీ నాటిక రాయమనండి. పరీక్షల విభాగం కౌంటర్, రీవాల్యుయేషన్ ఫైలు, "కొంచెం చూడండి సార్" అంటూ టేబుల్ మీదికి జరిపిన స్వీట్ల డబ్బా. అప్పుడు గుమాస్తా ఏమనాలి? ఆ ఒక్క డైలాగ్ రాయడానికే అందరూ తడబడతారు, మాట్లాడుకుంటారు. అటెండర్లను తప్పక చేర్చండి. ఏ కవరు ఎటు పోతుందో చూసేది వాళ్లే. పేర్లు తీసేసి జడ్జీలకివ్వండి. నిజమైన ఫిర్యాదుంటే మాత్రం నాటికలో పెట్టనివ్వకండి. అవినీతిపై ఫిర్యాదు చేసేవారికి రక్షణనిచ్చే 2004 నాటి పీఐడీపీఐ తీర్మానం కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు సీల్డ్ కవర్లో రాయొచ్చు, పేరు గోప్యంగా ఉంచుతారు.