ఉపన్యాసాలు ఆపి రిహార్సల్ పెట్టండి

బరంపురంలో మీ తెలుగు సంఘం హాలు ఉగాదికీ, వినాయక చవితికీ తప్ప తెరవరనీ, ఉపన్యాసం పెడితే నలుగురే వస్తున్నారనీ రాశారు. అన్నా, ముందు ఆ ఉపన్యాసాలు ఆపండి. ఆఫీసులోనో షాపులోనో అలిసిపోయిన మనిషి మళ్లీ కుర్చీలో బుద్ధిగా కూర్చోడానికి రాడు. తనకంటూ ఒక పని ఉంటే వస్తాడు.

పద్యనాటకంలో ఒక్క రంగం ఎంచుకోండి. హార్మోనియానికి ఒకరు, వేషాలకు నలుగురు, ప్రాంప్టింగ్‌కి ఒకరు చాలు. తప్పులు పట్టేవాళ్లకు మన ఊళ్లో ఎలాగూ కొదవ లేదు. రిహార్సల్ ఉందంటే చూడ్డానికైనా జనం చేరతారు. మెట్ల వేదిక మీద ఆడే గంజాం ప్రహ్లాద నాటకం కళాకారులనూ ఒక సాయంత్రం పిలవండి, ఒడియా ఇరుగుపొరుగు కూడా వస్తారు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియాతో పెరిగిన నలభై ఏళ్లవాళ్లు మన దగ్గర చాలామంది. పిల్లలతో కలిపి అక్షరాలు నేర్పితే సిగ్గుపడతారు. వాళ్లకు విడిగా, శుభలేఖలతో, సినిమా పోస్టర్లతో మొదలుపెట్టండి. ఆగస్టు 29, గిడుగు రామమూర్తి జయంతికి వాళ్లచేతే గోడపత్రిక రాయించండి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన పంతులు కదా, మనవాడే.

ఆడవాళ్లకు మధ్యాహ్నం మూడు నుంచి ఐదు ఇవ్వండి, తాళంచెవితో సహా.

సంఘం ఇంకా రిజిస్టర్ కాలేదంటే, 1860 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. ఆ తర్వాత సంఘం పేరునే ఖాతా తెరిచి కరెంటు బిల్లు అందులోంచి కట్టండి. పేకాటను మాత్రం రానివ్వకండి. అది మొదలైతే మిగతావాళ్లు మెట్లెక్కరు.