ఓడ సరే, ఒడ్డు సంగతి చూడు అల్లుడా

అల్లుడా, నువ్వు పంపిన ఫోటోలు చూసిన. రెండో ప్రపంచ యుద్ధంల జర్మనోళ్ల యుద్ధనౌక టిర్పిట్జ్ మోడల్ మస్తు మంచిగొచ్చింది, రెయిలింగులు గూడ ఎక్కడ వంకర పోలే, చానా ఓపిక పట్టినవ్. ఇగ దాన్ని 1942ల నార్వేల కొండల నడుమకు చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయ, అదే ఫియోర్డ్‌ల ఒడ్డుకు కట్టేసినట్టు చూపిస్తా అంటున్నవ్ గదా, గందుకే కూసొని రాస్తున్న. ఇప్పటిసంది నీ ధ్యాసంతా ఒడ్డు మీద పెట్టు, ఎందుకంటే చూసెటోళ్లకు ఓడ పెద్దగ కనబడాల్నా బొమ్మ లెక్క కనబడాల్నా అన్నది ఒడ్డే చెప్తది.

నీది 1/700 స్కేలు, అంటే అసలు ఓడల ఏడువందల వంతు. అసలు ఓడ 251 మీటర్లు, నీ టేబుల్ మీద 36 సెంటీమీటర్లు. మనిషి రెండున్నర మిల్లీమీటర్లు, 15 మీటర్ల చెట్టు 21 మిల్లీమీటర్లు. ఓడకు ఈ లెక్క అందరు చూస్తరు, రాళ్లకు ఎవ్వరు చూడరు. వాకిట్ల దొరికిన 2 సెంటీమీటర్ల గులకరాయి తెచ్చి పెట్టినవనుకో, అది 14 మీటర్ల బండయితది, నాలుగంతస్తుల బిల్డింగంత! అందుకే నిజం రాళ్లు వద్దు, చెక్కుడే మేలు.

చెక్కేటప్పుడు ఒకటి యాదిపెట్టుకో. మన నల్లగొండోళ్ల చేతికి గుండ్రాళ్లే అలవాటు, చిన్నప్పటిసంది లతీఫ్ సాబ్ గుట్ట చూసుకుంట పెరిగినం గదా. మన గ్రానైటు పొరలు పొరలుగ రాలి గుండ్రంగైతది. ఆడ అట్ల కాదు, మంచు నదులు కోసిన లోయలవి, ఒడ్డు నిటారుగ నీళ్లలకే దిగుతది, పగుళ్లు నిలువుగుంటయి, పైనంతా అడవి. మామూలు థర్మకోల్ వద్దు, కోస్తే గింజలు గింజలు రాల్తయి, గట్టి ఇన్సులేషన్ ఫోమ్ షీట్ దొరికితే తెచ్చుకో. ముక్కలు కత్తితోని కోసే బదులు చేత్తో విరువు, విరిగిన మొఖమే రాయి లెక్కుంటది. ముందల కనబడే రాళ్లకు అల్యూమినియం ఫాయిల్ నలిపి, జర విప్పి, దాంట్ల పీవోపీ పొయ్యి. గట్టిపడ్డంక ఫాయిల్ వొలిస్తే సన్నసన్న అంచులొస్తయి, ఈ స్కేలుకు గవే సరిపోతయి. ఫోమ్ మీద స్ప్రే పెయింట్ మాత్రం కొట్టకు, కరిగిపోతది, ముందుగాల ఫెవికాల్ నీళ్లల కలిపి పూత వెయ్యి.

ఇగ నీళ్ల అంచు. దీనికి ఎన్ని దినాలైనా పట్టనీ. సాగర్ల లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయేటప్పుడు ఒడ్డు చూసినవా, ఎండాకాలం నీళ్లు దిగితే రాయి మీద తెల్లటి పట్టీ కనబడ్తది, అది డ్యామ్ నీళ్ల గుర్తు. సముద్రం ఒడ్డుకు దీనికి ఉల్టా, ఆటుపోట్లకు దినాం తడుస్తది గాబట్టి కింద నాచు పట్టి గోధుమ పచ్చ రంగు, దాని మీద సన్నగ నల్ల చార, ఆ పైన బూడిద రంగు రాయి. ఆ నల్ల చార ఒడ్డు పొడుగూత ఒకటే ఎత్తుల పోవాలె, ఒక్కకాడ ఎక్కువ తక్కువైనా నీళ్లు వాలినట్టు కనబడ్తయి.

నీళ్లకు నీలం రంగు ముట్టకు. కొండ నీడ పడ్డ లోతు నీళ్లు నల్లటి పచ్చగుంటయి. ప్లైవుడ్ మీద రంగు ఏసి, పైన అక్రిలిక్ జెల్ (ఎండితే అద్దం లెక్కయ్యే చిక్కటి పూత) బ్రష్షుతోని పల్చగ తట్టు, ఎండినంక ఇంకో పూత. ఒకటేసారి మందంగ పూస్తే లోపల మబ్బుగనే ఉండిపోతది. కట్టేసిన ఓడ గాబట్టి నురగ వద్దు, అలలు మిల్లీమీటరు గూడ దాటొద్దు. రేపు నడిచే ఓడ చేస్తే అప్పుడు వెనకాల అలలు రెండు దిక్కుల 19 డిగ్రీల పైన విచ్చుకునేటట్టు చెయ్యి, లోతు నీళ్లల ఓడ స్పీడు ఎంతున్నా దాదాపు గదే కోణం.

విమానాలకు కనబడకుంట అసలు టిర్పిట్జ్ మీద జర్మనోళ్లు చెట్లు నరికి పెట్టిండ్రు, వలలు కప్పిండ్రు. నువ్వు గూడ పెట్టు, గాని తుపాకుల మీద కొన్నే పెట్టు, నువ్వు అంత కష్టపడ్డ డెక్కు కనబడాలె. ఓడను అన్నిటికన్న లాస్టుకు అతికియ్యి, అడుగు ఆకారం ముందే గీసి పెట్టుకో, అతికినంక చుట్టూత సందుల జెల్ నింపు. అతికే ముందట ఒక్క ఫోటో పంపు, నీళ్లకు సరిగ్గ కండ్లు ఆనించి, పక్కనుంచి తియ్యి.

మీ మామ