జన్యు కిట్ రిపోర్టు చూసి తొందరపడకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఇంట్లోనే ఉమ్మి నమూనా తీసి కంపెనీకి పంపే జన్యు కిట్‌తో నీకొచ్చిన రిపోర్టు చూశాను. ‘బీఆర్‌సీఏ2లో హానికర మార్పు’ అన్న ఆ ఒక్క ముక్క పట్టుకుని రొమ్ములు, అండాశయాలు తీయించుకునే ఆపరేషన్ దాకా ఆలోచించకు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల్లో హానికర మార్పుంటే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెరిగే మాట నిజమే. ముందు అది ఎక్కడ తేలిందో చూడు. కంపెనీ ఇచ్చిన రిపోర్టులోనే ఉందా, లేక ముడి డేటా (కిట్ చదివిన జన్యు అక్షరాల జాబితా) దింపుకుని ఇంకో వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే వచ్చిందా? రెండోదైతే అనుమానం ఇంకా ఎక్కువ. ఇలా ముడి డేటాలో కనబడిన మార్పులను 2018లో ఒక క్లినికల్ ల్యాబ్ మళ్లీ పరీక్షిస్తే 40 శాతం అసలు లేనే లేవు.

ఈ కిట్లలో చాలావరకు జన్యువును అక్షరం అక్షరం చదవవు. చిప్ మీద ముందే ఎంచిన కొన్ని లక్షల చోట్లే చూస్తాయి. ఒక్కో చోట వచ్చిన వెలుగు సంకేతాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ మార్పు ఉన్న నమూనాలను, లేని వాటిని వేర్వేరు గుంపులు కడుతుంది. నూటికి పదిమందిలో ఉండే మార్పైతే గుంపు స్పష్టంగా విడిపోతుంది. లక్షలో ఒకరికుండే దానికి గుంపెక్కడిది? సంకేతం కాస్త మసకబారినా ‘ఉంది’ అనేస్తుంది. బ్రిటన్‌లో లక్షల మంది ఆరోగ్య, జన్యు వివరాలు భద్రపరిచిన యూకే బయోబ్యాంక్‌లో దాదాపు 50 వేల మంది ఫలితాలను సరిచూసి 2021లో ప్రచురించారు. బీఆర్‌సీఏ జన్యువుల్లో చిప్ పట్టానన్న అరుదైన హానికర మార్పుల్లో నిజమైనవి నూటికి నాలుగే.

‘లేదు’ అని వస్తే మరీ ప్రమాదం, దాన్ని ఎవరూ రెండోసారి చూడరు కనుక. 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన బీఆర్‌సీఏ కిట్ చూసింది 3 మార్పులే, అవీ అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా మూలాలున్న) యూదుల్లో ఎక్కువగా కనిపించేవి. 2023లో ఆ సంఖ్య 44కి పెరిగింది. తెలిసిన హానికర మార్పులేమో వేలల్లో ఉన్నాయి.

జన్యు కౌన్సెలర్ (వంశపారంపర్య జబ్బుల ముప్పు వివరించే నిపుణులు) దగ్గరికి వెళ్లేముందు మూడు తరాల వివరాలు రాసుకో: ఎవరికి, ఏ అవయవానికి, ఏ వయసులో క్యాన్సర్ వచ్చిందో. నాన్న వైపు వదిలేయకు, ఈ జన్యు మార్పులు మగవాళ్ల ద్వారా కూడా వస్తాయి. క్లినికల్ ల్యాబ్‌కు కొత్త నమూనా ఇవ్వు. పూర్తి సీక్వెన్సింగ్‌తో (జన్యువును అక్షరం అక్షరం చదవడం) పాటు జన్యువులో పెద్ద ముక్కలు ఎగిరిపోవడం, రెట్టింపవడం కూడా చూస్తారా అని అడుగు. క్యాన్సర్ వచ్చిన బంధువు ఉంటే ముందు వాళ్లకు చేయించడం మేలు. వాళ్లలో దొరికిన మార్పు నీలో లేదంటే ఆ ‘లేదు’కు విలువుంటుంది. ‘ప్రాముఖ్యం తెలియని మార్పు’ అని వస్తే దాని మీద ఆపరేషన్ నిర్ణయం వద్దు.

రిపోర్టు చివర నీ జన్యువులను బట్టి ఏ మందు ఎలా పనిచేస్తుందో చెప్పే పేజీ ఉంటే అది చూసి మాత్రలు ఆపకు, మోతాదు మార్చకు. డాక్టరుకు చూపించు.